ఏడు సెంట్లూ ఒక చట్టమూ: 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో ల్యాండ్ టైట్లింగ్ వాదన

2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి పోలింగ్ జరిగింది. ఆ రోజుకి, భూమి యజమాని ఎవరో ప్రభుత్వ రిజిస్టర్‌తో ఖాయం చేసే ల్యాండ్ టైట్లింగ్ చట్టం కింద తుది హక్కు వచ్చిన రైతు రాష్ట్రంలో ఒక్కరూ లేరు. ఉండే వీలు కూడా లేదు. చట్టం అమల్లోకి వచ్చింది 2023 అక్టోబరు 31న. రిజిస్టర్‌లో పేరు ఎక్కాక రెండేళ్లపాటు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే ఆ హక్కు ఖాయమవుతుంది. అంటే ఎవరి భూమి మీదా ఇంకా పూర్తిగా పనిచేయని చట్టం అది. అయినా ప్రచారం చివరి రెండు మూడు వారాల్లో పల్లెల్లో ఎక్కడ నలుగురు కూర్చున్నా దాని మాటే. పింఛన్లు, ఉద్యోగాలు, రాజధాని లాంటి విషయాలన్నీ కాసేపు పక్కకు వెళ్లాయి.

నేను డెల్టాలోని ఒక చిన్న పట్నంలో సివిల్ కేసులు చూసే లాయర్ని. నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పొలాల గొడవలే: గట్టు తగాదాలు, అన్నదమ్ముల వాటాలు, ఒకే సర్వే నంబరును ఇద్దరికి అమ్మిన దస్తావేజులు. ఆ నెలల్లో ఊళ్ల నుంచి పిలిస్తే వెళ్లి చట్టాన్ని తెలుగులో చెప్పాను. రెండు వైపుల వాళ్లూ వచ్చారు, రెండు వైపుల వాళ్లూ వాదించారు. చర్చ ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో, అసలు అడగాల్సిన ప్రశ్న ఎలా మిగిలిపోయిందో రాయాలనిపించింది. ఏ పార్టీకి ఎంత లాభం వచ్చిందన్న లెక్క నాకు అక్కర్లేదు. భూమి ఉన్నవాడికి ఏం తేలిందన్నదే నా ప్రశ్న.

చట్టం ఏం చేయబోయింది

మన దగ్గర భూమికి ప్రభుత్వం హామీ ఇచ్చే హక్కుపత్రం అంటూ లేదు. చాలామందికి ఈ సంగతి కేసు పడేదాకా తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజుని. అమ్మినవాడికి ఆ భూమి మీద హక్కు ఉందా లేదా అని ఆయన తేల్చడు. 1971 నాటి పాస్‌బుక్కుల చట్టం కింద వచ్చే పట్టాదారు పాస్‌బుక్కు, వన్‌బీ, అడంగల్ రెవెన్యూ రికార్డులు. వాటికి విలువ ఉంది, కానీ అవి ఉన్నంత మాత్రాన హక్కు ఖాయమైనట్టు కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అందుకే పొలం కొనేవాళ్లకి లింకు డాక్యుమెంట్లు తెప్పించమంటాం, భూమి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే ఈసీ తీయమంటాం, వెనక్కి ముప్పై ఏళ్లు చూడమంటాం. ఇంత చూసినా రేపు ఎవరో ఒక మేనత్త కొడుకు వచ్చి నాకూ వాటా ఉందంటే దావా మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి మందుగా ఎప్పటినుంచో చెబుతున్నది ఖాయమైన హక్కుల పద్ధతి. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ పేరుతో మొదలైంది. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. వెనకటి కాగితాలు తవ్వనక్కర్లేదు, రికార్డు తప్పని తేలితే నష్టం ప్రభుత్వం భరిస్తుంది. ఈ మూడో మాట లేకపోతే మొదటి రెండూ ప్రమాదమే. నీతి ఆయోగ్ కూడా రాష్ట్రాల కోసం ఇలాంటి చట్టానికి ఒక నమూనా తయారుచేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే జగన్ ప్రభుత్వం మొదటి బిల్లు తెచ్చింది. కేంద్రం అభ్యంతరాలు చెప్పడంతో మార్పులు జరిగాయి. చివరికి 2022 నాటి బిల్లుకు 2023లో రాష్ట్రపతి ఆమోదం వచ్చి, 2023లో 27వ చట్టంగా బయటికొచ్చింది. రాష్ట్రస్థాయిలో ఒక ల్యాండ్ అథారిటీ, కింద టైటిల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్లు, వాళ్ల నిర్ణయం మీద అప్పీలు వినడానికి ఇంకో అధికారి. ఆ పైన హైకోర్టు. మధ్యలో మునసబు కోర్టు లేదు, జిల్లా కోర్టు లేదు. సివిల్ కోర్టుల పరిధిని చట్టం తప్పించింది. ఆ రిజిస్టర్ పరిధిలోకి వచ్చే హక్కుల తగాదాతో సామాన్యుడు తాలూకా కోర్టు మెట్లెక్కడానికి వీల్లేదన్నమాట.

నాకు మింగుడుపడనివి ఇందులో రెండున్నాయి. ఒకటి ఈ కోర్టుల సంగతి. ఎకరం పొలం ఉన్న మనిషి అధికారి తీర్పు నచ్చకపోతే హైకోర్టుకు వెళ్లాలి. పలాస నుంచి, ఇచ్ఛాపురం నుంచి, అటు హిందూపురం నుంచి అమరావతి దాకా వెళ్లి లాయర్ని పెట్టుకోవాలి. అంత ఖర్చు పెట్టుకోలేక వదులుకునే వాళ్లే ఎక్కువమంది ఉంటారు. రెండోది రెండేళ్ల గడువు. నోటీసు ఊరి పంచాయతీ గోడ మీద అంటిస్తారు, ఆన్‌లైన్‌లో పెడతారు. కొడుకు డల్లాస్‌లో, కూతురు కువైట్‌లో, ముసలాయన మంచంలో ఉన్న ఇంటికి ఆ నోటీసు ఎవరు చదివి చెబుతారు? ఊళ్లో లేనివాళ్ల వాటాలే మన దగ్గర ఎప్పుడూ గల్లంతయ్యేది.

2023 చివర్లో, 2024 మొదట్లో రాష్ట్రమంతా లాయర్లు విధులు బహిష్కరించారు, రిలే దీక్షలు చేశారు, హైకోర్టులో పిటిషన్లు వేశారు. ఆ దీక్షల్లో నేనూ కూర్చున్నాను. సివిల్ కోర్టుల పరిధి పోతే మా జీవనాధారం పోతుందన్నది నిజమే, అదీ మా బాధల్లో ఒకటి. అలాగని మేం లేవనెత్తిన అభ్యంతరాలు అబద్ధాలైపోవు. కానీ అప్పుడు పత్రికల్లో జిల్లా పేజీ దాటి ఈ వార్త పెద్దగా రాలేదు. ఏ రాజకీయ పార్టీ దాన్ని పూర్తిగా భుజానికెత్తుకోలేదు. అది ఊరి మాటగా మారింది ఏప్రిల్ చివర్లో.

ఎవరు ఏమన్నారు

తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి వాదన సూటిగా ఉంది: ఇది భూముల్ని కొల్లగొట్టే చట్టం, గెలిస్తే రద్దు చేస్తాం. చంద్రబాబు దాదాపు ప్రతి సభలో ఈ మాట చెప్పారు. నీతి ఆయోగ్ నమూనాలో అధికారి అని ఉన్నచోట మన చట్టంలో ఏ వ్యక్తినైనా నియమించేలా మార్చారన్నది వాళ్లు పదే పదే చూపించిన పాయింటు. పార్టీ మనుషుల్ని కూర్చోబెడితే మన గతేమిటని అడిగారు. కోర్టుకు వెళ్లే దారి మూసేశారన్నది రెండో పాయింటు. ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వరు, జిరాక్సులే ఇస్తారన్నది మూడోది.

వైసీపీ జవాబు కూడా బలహీనమైనదేమీ కాదు. ఈ ఆలోచన కేంద్రానిదే, మీ మిత్రపక్షమే అక్కడ అధికారంలో ఉంది, నమూనా ఇచ్చింది నీతి ఆయోగే అన్నారు. మొదటి బిల్లు వచ్చినప్పుడు సభలో టీడీపీ కూడా సమర్థించిందని గుర్తుచేశారు. ఇంకా రూల్సే రాయలేదు, సర్వే పూర్తికాలేదు, అమలే కాని చట్టం భూములెలా లాక్కుంటుందని అడిగారు. జగన్ తన సభల్లో తాను భూములు పంచేవాడినే తప్ప లాక్కునేవాడిని కానని, ప్రభుత్వమే హక్కుకు హామీదారుగా నిలబడుతుందని చెప్పారు. ఈ ప్రచారం మీద ఆ పార్టీ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. ఫోన్లకు రికార్డు చేసిన కాల్స్ పంపి చట్టం గురించి తప్పుడు ప్రచారం చేశారంటూ మే మొదట్లో సీఐడీ చంద్రబాబు, లోకేశ్‌ల మీద కేసు నమోదు చేసింది. ఆ వార్త వచ్చాక ఊళ్లలో అనుమానం తగ్గకపోగా పెరిగింది. మాట్లాడితే కేసు పెడుతున్నారంటే అందులో ఏదో ఉందనే జనం అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.వి. రమేశ్ ఎక్స్‌లో ఒక పోస్టు పెట్టారు. కృష్ణా జిల్లా విన్నకోటలో తన తల్లిదండ్రుల భూముల మ్యుటేషన్‌ను, అంటే రికార్డుల్లో పేరు మార్పును, తహసీల్దారు తిరస్కరించారని, ఈ చట్టానికి తానే ప్రత్యక్ష బాధితుడినని రాశారు. ఆయన గతంలో జగన్ ముఖ్యమంత్రి కార్యాలయంలోనే పనిచేసిన మనిషి. లాయరుగా చూస్తే మ్యుటేషన్ తిరస్కరణ 1971 చట్టం కిందకి వచ్చే వ్యవహారం, టైట్లింగ్ చట్టం లేకపోయినా అలాంటివి జరుగుతూనే ఉంటాయి. ప్రభుత్వం వైపు నుంచీ ఇదే మాట వచ్చింది. కానీ ఊళ్లో ఒక పెద్దాయన నాతో అన్న మాట వేరు: “అంత పెద్ద ఆఫీసరుకే దిక్కులేకపోతే మనమెంతండీ?” ఆ ప్రశ్న ముందు చట్టం నంబరు ఏదన్నది ఎవరికి కావాలి?

ఆ ఏడు సెంట్లు

ఒక ఊళ్లో రామాలయం అరుగు మీద మీటింగు. సెక్షన్లు చెబుతున్నాను. అరవై దాటిన ఒక రైతు లేచి, లుంగీ మడత విప్పి, ప్లాస్టిక్ కవర్లోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి వాళ్ల నాన్న నాటి దస్తావేజు, ఎకరా ఎనభై ఆరు సెంట్లు. రెండోది ప్రభుత్వం భూముల్ని మళ్లీ కొలిపించిన రీసర్వే తర్వాత వచ్చిన కొత్త పాస్‌బుక్కు, ఎకరా డెబ్బై తొమ్మిది. పాత సర్వే నంబరు పోయి భూమి ముక్కకు ఇచ్చే కొత్త ఎల్‌పీఎం నంబరు వచ్చింది. అట్ట మీద ముఖ్యమంత్రి ఫొటో ఉంది.

“చట్టం సంగతి తర్వాత చెబుదురు గానీ లాయరు గారూ, ఈ ఏడు సెంట్లు ఎటుపోయాయో చెప్పండి. మా నాన్న కొన్న పొలం పుస్తకం మీద మా నాన్న ఫొటో లేదు, ఆయన ఫొటో ఎందుకండీ?”

పక్కనే ఉన్న వైసీపీ కుర్రాడు నొచ్చుకున్నాడు. “బాబాయ్, అది సర్వే, ఇది చట్టం. రెండూ వేరు. పాతకాలం గొలుసుతో కొలిచారు, ఇప్పుడు శాటిలైట్‌తో కొలిచారు, తేడా రాదా మరి? అప్పీలు పెట్టుకో, సరిచేస్తారు.” కుర్రాడు చెప్పినదాంట్లో తప్పు లేదు. రీసర్వే 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద జరిగింది. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైంది. డ్రోన్లు, రోవర్లు వాడారు. వందేళ్ల నాటి కొలతలతో పోలిస్తే సెంట్లలో తేడా రావడం సహజం.

రైతు ఒప్పుకోలేదు. “అప్పీలు పెట్టి ఏడాదైంది రా అబ్బాయ్. సచివాలయం చుట్టూ, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడమే సరిపోయింది. ఇప్పుడంటే కోర్టు ఉంది, లాయరు గారున్నారు. రేపు ఆ ఆఫీసరు రాసిందే రాత అంటే నేనెక్కడికి పోవాలి?”

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. ఆ వాక్యంలో ఆయన మొత్తం చట్టాన్నీ చదివేశాడు. సివిల్ కోర్టుల దారి మూసే సెక్షన్ 38ని నేను అరగంట వివరించినా అంత బాగా చెప్పలేను.

నాకు ఈ కేసు అర్థమైంది ఆ సాయంత్రమే. జనం మాట్లాడింది టైట్లింగ్ చట్టం పేరుతోనే, కానీ చేతిలో సాక్ష్యంగా పట్టుకున్నవి వేరే. రీసర్వేలో తగ్గిన సెంట్లు, పాస్‌బుక్కు మీది ఫొటో, గట్టు మీద పాతిన రాయి మీద చెక్కిన పథకం పేరు, రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో వచ్చిన కొత్త కంప్యూటర్ పద్ధతి. ఇవన్నీ వేరువేరు ఉత్తర్వుల కింద, వేరువేరు చట్టాల కింద జరిగినవి. పొలం మాత్రం ఒక్కటే. అన్నీ వచ్చి ఆ పొలం మీదే పడ్డాయి. కాబట్టి అవన్నీ వేరని కాగితం మీద నిరూపించినా రైతుకు ఒరిగేదేమీ లేదు.

ఫొటో సంగతి చిన్నదని కొందరు మిత్రులు అన్నారు. నాకలా అనిపించలేదు. భూమి హక్కు పత్రం మీద పదవిలో ఉన్న నాయకుడి బొమ్మ ఉంటే, ఆ హక్కు ఆయన ఇచ్చినదన్న అర్థం వస్తుంది. ఇచ్చినవాడు తీసుకోగలడన్న భయం దాని వెనకే వస్తుంది. ప్రభుత్వం హామీదారు అని సభల్లో చెబుతున్నప్పుడు, ఆ ప్రభుత్వం అంటే ఎవరన్న ప్రశ్నకు పుస్తకం అట్టే జవాబు చెప్పింది. రాజముద్ర ఉంటే ఈ వాదన సగం ఉండేది కాదని నా నమ్మకం.

ఎవరూ అడగనిది

రికార్డు తప్పైతే నష్టం ఎవరిది? టోరెన్స్ పద్ధతికి ప్రాణం ఇదే అని పైన రాశాను. ప్రచారంలో ఒక పక్షం లాక్కుంటారంది, ఇంకో పక్షం హామీ ఇస్తామంది. ఆ హామీకి నిధి ఎక్కడుంది, ఎంత గడువులో ఇస్తారు, పొలం పోయినవాడికి ఏ రోజు ధర కట్టిస్తారు అని ఏ సభలోనూ ఎవరూ ఎవర్నీ నిలదీసినట్టు నేను వినలేదు. రద్దు చేస్తామన్న పక్షాన్ని కూడా, రద్దు చేశాక ఇప్పుడున్న దస్తావేజుల చిక్కుకు మీ దగ్గరున్న దారేమిటని అడగలేదు. నేను రెండు పార్టీల స్థానిక నాయకులనూ అడిగాను. ఒకాయన సభల వీడియో పంపాడు, ఇంకొకాయన కరపత్రం ఇచ్చాడు. రెండింట్లోనూ జవాబు లేదు.

పక్కనే తెలంగాణలో కొన్ని నెలల ముందే ఇలాంటి ముచ్చటే జరిగింది. 2020 అక్టోబరు 29న మొదలైన భూరికార్డుల పోర్టల్ ధరణిని తీసేసి భూమాత తెస్తామని కాంగ్రెస్ చెప్పింది. ధరణి పోతే రైతుబంధు ఆగిపోతుందని, మళ్లీ దళారుల రాజ్యం వస్తుందని కేసీఆర్ హెచ్చరించారు. 2023 నవంబరు 30న ఓట్లు పడ్డాయి, కాంగ్రెస్ 64 స్థానాలతో గెలిచింది. కానీ అక్కడ ఒక తేడా ఉంది. ధరణి అప్పటికే మూడేళ్లుగా నడుస్తున్న పోర్టల్. వివాదం ఉందంటూ పార్ట్-బి జాబితాలో పడిపోయిన భూములు, చిన్న అక్షరదోషానికి కలెక్టరేట్ చుట్టూ తిరగడం జనం అనుభవించి ఉన్నారు. గెలిచినవాళ్లు తీసేసి ఊరుకోలేదు. 2024 డిసెంబరులో భూభారతి చట్టం చేశారు, 2025 ఏప్రిల్ 14న పోర్టల్ ప్రారంభించారు. రికార్డు మీద అప్పీలు వినే అంచెలు అందులో మళ్లీ పెట్టారు. అది బాగా పనిచేస్తోందా లేదా అన్నది వేరే కేసు. వాదన మాత్రం ఒక ప్రత్యామ్నాయం దాకా వెళ్లింది.

తర్వాత

జూన్ 4న ఫలితాలు. 175లో కూటమికి 164, వైసీపీకి 11. ఈ చట్టమే ఓడించిందని రాసిన విశ్లేషణలు చాలా చదివాను. నేనంత దూరం వెళ్లను. ఓడిన పార్టీకి కూడా 39 శాతం ఓట్లు వచ్చాయి. ముగ్గురు కలిసి పోటీచేయడం, ఉద్యోగాలు, రాజధాని, చంద్రబాబు అరెస్టు, ఇలా ఎన్నో కారణాలున్నాయి. ఒక్కదాని వాటా విడదీసి తూకం వేసే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. మా ప్రాంతంలో నేను చూసింది ఒక్కటి చెప్పగలను: అంతకుముందు పథకాల వల్ల అధికార పార్టీ వైపున్న చిన్న రైతుల్లో కూడా ఈ విషయం దగ్గరకొచ్చేసరికి టెన్షన్ కనిపించింది. డబ్బు ఖాతాలో పడినందుకు కృతజ్ఞత ఒక పక్క, పొలం మీద భయం ఇంకో పక్క ఉంటే, రెండోదే బరువు.

ముఖ్యమంత్రిగా చంద్రబాబు బాధ్యతలు తీసుకున్నాక 2024 జూన్ 13న పెట్టిన మొదటి సంతకాల్లో ఈ చట్టం రద్దు ఒకటి. జులైలో అసెంబ్లీ రద్దు బిల్లును ఆమోదించింది. పాస్‌బుక్కుల మీద ఫొటో తీసేసి రాజముద్ర పెడతామన్నారు. రీసర్వేను పూర్తిగా వదిలేయలేదు, కొంతకాలం ఆపి మార్పులతో మళ్లీ మొదలుపెట్టారు. అది సరైన నిర్ణయమే అంటాను. కొలతలు తేలకుండా ఏ హక్కూ తేలదు.

రద్దును నేను స్వాగతించాను. తాలూకా కోర్టు తలుపు మూసే ఏ చట్టాన్నైనా, ఏ పార్టీ తెచ్చినా వ్యతిరేకిస్తాను. కానీ రద్దైన మర్నాడు మా కోర్టులో వాయిదాల జాబితా ముందురోజు లాగానే ఉంది. 1908 చట్టం అక్కడే ఉంది. దస్తావేజు రిజిస్టర్ చేసినా హక్కుకు హామీ లేదన్న సంగతీ అక్కడే ఉంది. పన్నెండేళ్లు స్వాధీనంలో ఉంటే నాదే అనే దావాలూ, తండ్రి పోయాక కూతుళ్ల పేర్లు లేకుండా ఎక్కించిన మ్యుటేషన్లూ వస్తూనే ఉన్నాయి. రద్దు సమయంలో సభలో గానీ బయట గానీ, కోర్టుల పరిధిని ఉంచి, నష్టపరిహార నిధి పెట్టి, ఊళ్లో లేనివాళ్లకు వ్యక్తిగత నోటీసు ఇచ్చే పద్ధతితో ఇంకో చట్టం చేయొచ్చా అన్న చర్చ జరగాల్సింది. ఆ దారి ఉంది. ఇప్పుడు ఎవరైనా ఆ పేరెత్తితే ఓట్లు పోతాయన్న భయం రెండు పార్టీల్లోనూ కనిపిస్తోంది.

ఏడు సెంట్ల రైతు చివరికి దావా వేశాడు. ప్రతివాదులుగా పక్క పొలం వాళ్లనూ, ప్రభుత్వాన్నీ చేర్చాం. కోర్టు కమిషనర్‌ను వేయించి, సర్వేయర్‌తో కొలిపించి, పాత ఎఫ్‌ఎంబీతో, అంటే పొలాల కొలతల పటాల పుస్తకంతో, పోల్చే పనిలో ఉన్నాం. ఏడు సెంట్లలో నాలుగు పక్క గట్టు జరగడం వల్ల, మిగతావి పుంతలో, అంటే పొలాల మధ్య బండ్ల దారిలో, కలిసినందువల్ల పోయినట్టు కనిపిస్తోంది. పక్క పొలం ఆయనకు కూడా కొత్త పుస్తకంలో తన దస్తావేజు కన్నా తక్కువే వచ్చింది. ఇద్దరూ చెరో పార్టీ వాళ్లు. వాయిదాకు ఒకే ఆటోలో వస్తారు.

2024 నవంబరులో అసెంబ్లీ ఇంకో భూమి బిల్లును ఆమోదించింది, భూ ఆక్రమణల నిషేధ బిల్లు. 1982 నాటి పాత చట్టం స్థానంలో పల్లెలకూ వర్తించేలా, ప్రత్యేక కోర్టులతో, గట్టి శిక్షలతో తెచ్చారు. ఆక్రమించలేదని నిరూపించుకోవాల్సిన భారం ఎవరి మీద పడుతుందన్నది అందులో ప్రతి రైతూ తెలుసుకోవాల్సిన విషయం. దాని మీద ఒక్క ఊరు కూడా నన్ను మీటింగుకు పిలవలేదు. బిల్లు ప్రతి నా టేబుల్ మీద ఉంది. ఈసారి పిలిచేదాకా ఆగకుండా నేనే వెళ్తున్నాను.